ముసాయిదా యంత్రం రాయవచ్చు, సంతకం మనిషే చేయాలి

విశ్వవిద్యాలయాల్లోను, వాటికి అనుబంధంగా ఉన్న డిగ్రీ కళాశాలల్లోను ఆంగ్లం బోధించే అధ్యాపకులు కృత్రిమ మేధను తరగతి గదిలోకి తెచ్చుకుంటున్నారు. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ ప్రజలకు అందుబాటులోకి వచ్చిన నాటి నుంచి ఈ మార్పు వేగం పుంజుకుంది. పాఠం తయారు చేసుకోవడానికి, అభ్యాస ప్రశ్నలు కూర్చడానికి, వ్యాసాలు దిద్దడానికి, చివరకు విద్యార్థి రాసినది అతని సొంతమా కాదా అని తేల్చడానికి సైతం ఈ యంత్రాలనే ఆశ్రయిస్తున్నారు. కొందరు దీనిని విప్లవమని శ్లాఘిస్తున్నారు. మరికొందరు చదువుకు చరమగీతమని వాపోతున్నారు. మేము ఈ రెండు పక్షాల్లోనూ లేము.

మా ప్రశ్న వేరు. యంత్రానికి అప్పగిస్తున్నది ఏ పని? సాయం చేసే పనా, తీర్పు చెప్పే పనా? ఈ రెండింటి మధ్య ఉన్న దూరంలోనే మన పిల్లల భవిష్యత్తు ఉన్నది. సాయానికైతే యంత్రాన్ని స్వాగతిద్దాం. తీర్పుకైతే ససేమిరా అంగీకరించరాదు. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ఇంతే. కానీ ఇంత చిన్న మాటను కళాశాల యాజమాన్యాల చేత ఒప్పించాలంటే దాని వెనుక ఉన్న కారణాలు ప్రతి కుటుంబానికీ, ప్రతి కార్యకర్తకూ తెలిసి ఉండాలి.

ఆ బల్లల మీద కూర్చున్నది ఎవరు?

ఆంగ్లం మన విద్యార్థికి అనేక పాఠ్యాంశాల్లో ఒకటి మాత్రమే కాదు. తక్కిన పాఠ్యాంశాలన్నింటికీ అదే ద్వారం. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 విద్యా సంవత్సరం నుంచి డిగ్రీ కోర్సులను ఆంగ్ల మాధ్యమంలోకి మార్చారు. పదో తరగతి దాకా ఉర్దూలోనో తెలుగులోనో చదివిన విద్యార్థి వాణిజ్యశాస్త్రమైనా, చరిత్ర అయినా ఇకపై ఆంగ్లంలోనే చదివి, ఆంగ్లంలోనే పరీక్ష రాయాలి. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బజారులో తెలుగు, తరగతిలో ఆంగ్లం. ఈ మూడింటి నడుమ దారి వెదుక్కుంటూ నడుస్తున్న పిల్లలు మన బస్తీల్లో కోకొల్లలు. వారిలో చాలామంది తమ వంశంలో కళాశాల గడప తొక్కిన తొలి తరం.

ఒకప్పుడు ఈ భారాన్ని విద్యాసంస్థ తన భుజాలకెత్తుకున్నది. 1918లో హైదరాబాదులో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనా మాధ్యమంగా స్వీకరించి, ఆంగ్లాన్ని తప్పనిసరి భాషగా నేర్పింది. శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చేందుకు దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థనే నెలకొల్పారు. జ్ఞానాన్ని విద్యార్థి భాషలోకి తీసుకురావడం సంస్థ బాధ్యత అని నాటి పెద్దలు భావించారు. నేడు ఆ బరువు పూర్తిగా విద్యార్థి నెత్తి మీదకు మారింది. ఈ స్థితిలో కృత్రిమ మేధ వచ్చింది. అది బరువు దించే కూలీగా వచ్చిందా, మరో మూట పెట్టే పెత్తందారుగా వచ్చిందా అన్నది అధ్యాపకులు దానిని వాడుకునే తీరును బట్టి ఉంటుంది.

ఉన్నత విద్యలో మన సముదాయపు స్థితి పాఠకులకు తెలియనిది కాదు. దేశంలోని పేరెన్నికగన్న కళాశాలల్లో డిగ్రీ చదివే ప్రతి 25 మందిలో ఒక్కరే ముస్లిం అని 2006 నాటి సచార్ కమిటీ నివేదిక చెప్పింది. ఉన్నత విద్యపై కేంద్ర ప్రభుత్వం జరిపే అఖిల భారత సర్వే ప్రకారం ముస్లిం విద్యార్థుల సంఖ్య 2019-20లో 21 లక్షలు కాగా, 2020-21 నాటికి 19.21 లక్షలకు పడిపోయింది. ఇలా జారిపోతున్న మెట్ల మీద నిలబడిన విద్యార్థికి ఒక అసైన్‌మెంటులో సున్నా రావడం చిన్న విషయం కాదు. చేయని తప్పుకు దొంగ అనిపించుకోవడం అంతకంటే చిన్న విషయం కాదు. చదువు మానిపించడానికి సాకు వెదుకుతున్న ఇంట్లో అదొక్కటి చాలు.

యంత్రం చేయగల మేలు

ముందుగా మేలు గురించి మాట్లాడుకోవడం న్యాయం. అరవై డెబ్భై మంది ఉన్న తరగతిలో ప్రతి ఒక్కరి వ్యాసాన్నీ వారం వారం దిద్ది, ఎక్కడ ఎందుకు తప్పిందో వివరించడం ఒక్క అధ్యాపకునికి సాధ్యమయ్యే పని కాదు. ఈ ఖాళీని యంత్రం కొంత పూడ్చగలదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఆంగ్లంలో నామవాచకానికి ముందు వచ్చే ‘ఎ’, ‘ఏన్’, ‘ద’ అనే చిన్న మాటలు తెలుగులో లేవు, ఉర్దూలోనూ లేవు. అందుకే మన పిల్లలు వాటిని వదిలేస్తారు, లేదా అవసరం లేని చోట తగిలిస్తారు. అలాగే ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ అంటారు. అది తెలివితక్కువతనం కాదు, మాతృభాష అలవాటు కొత్త భాషలోకి నడిచి రావడం. ఇటువంటి తప్పును చూపి, దాని కారణాన్ని తెలుగులోనో ఉర్దూలోనో వివరించమని యంత్రాన్ని అడిగితే వివరిస్తుంది. అర్థం కాకపోతే మరొకసారి చెప్పమన్నా విసుక్కోదు. పదిమంది ముందు నోరు విప్పడానికి బిడియపడే ఆడపిల్ల ఇంట్లో ఒక మూల కూర్చుని, ఎవరూ నవ్వుతారన్న భయం లేకుండా ఆంగ్ల సంభాషణ అభ్యసించవచ్చు. కఠినమైన పాఠాన్ని సులువైన ఆంగ్లంలో తిరగరాయించుకుని ముందు అది చదివి, ఆపైన అసలు పాఠానికి వెళ్లవచ్చు. అధ్యాపకులు సైతం ఒకే పాఠానికి మూడు స్థాయిల అభ్యాసాలు తయారు చేసుకుని, వెనుకబడిన విద్యార్థికి తగినది ఇవ్వవచ్చు. ఇదంతా కాదనలేని ప్రయోజనమే.

అయితే ఇక్కడ ఒక గీత గీసుకోవాలి. తప్పు చూపమని అడగడం వేరు, మొత్తం రాసిపెట్టమని అడగడం వేరు. మొదటిది చదువు, రెండవది చదువు మానేయడం. ఈత నేర్చుకునేవాడికి సొరకాయ బుర్ర ఆసరా అవుతుంది. కానీ తాను గట్టున కూర్చుని బుర్రను నీళ్లలోకి వదిలితే ఈత వచ్చేది బుర్రకూ కాదు, వాడికీ కాదు. ఈ తేడాను తరగతిలో చూపించి నేర్పగలవారు అధ్యాపకులే. నిషేధించి ఊరుకుంటే పిల్లలు చాటుగా వాడతారు. ఎదుట పెట్టి నేర్పితే మేలు కీడులు తెలుసుకుని వాడతారు.

యంత్రం నిబ్బరంగా అబద్ధం చెబుతుందన్న సంగతి కూడా తరగతిలోనే నేర్పాలి. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు న్యాయవాదులు చాట్‌జీపీటీ కల్పించి ఇచ్చిన, అసలు లేనే లేని తీర్పులను కోర్టు పత్రాల్లో ఉదహరించారు. న్యాయమూర్తి వారికీ, వారి సంస్థకూ కలిపి 5,000 డాలర్ల జరిమానా విధించారు. చదువుకున్న న్యాయవాదులే మోసపోయినప్పుడు మొదటి సంవత్సరం విద్యార్థి మోసపోవడంలో వింత ఏముంది?

అనుమానాన్ని కొలిచే యంత్రం

ఇక కీడు విషయం. విద్యార్థులు యంత్రం చేత రాయించుకుంటున్నారన్న భయంతో విద్యాసంస్థలు మరొక యంత్రాన్ని కాపలా పెట్టాయి. దానినే డిటెక్టర్ అంటున్నారు. వ్యాసాన్ని అందులో వేస్తే ఇంత శాతం యంత్రం రాసినది అని ఒక అంకె చూపిస్తుంది. అంకె కనబడగానే అది లెక్క అనీ, లెక్క గనుక సత్యమనీ నమ్మే అలవాటు మనందరికీ ఉన్నది. ఆ అంకె ఎలా పుడుతుందో ఒక్కసారి చూద్దాం.

ఇటువంటి సాధనాల్లో చాలావరకు చూసేది ఒక మాట తరువాత మరొక మాట ఎంత ఊహించదగినదిగా ఉన్నది అన్నది. రాసినది ఎంత సాదాగా, ఎంత అలవాటైన మాటలతో ఉంటే యంత్రం రాసి ఉంటుందన్న అనుమానం అంత పెరుగుతుంది. వైవిధ్యం, అరుదైన పదాలు, ఊహించని మలుపులు ఉంటే మనిషి రాశాడని భావిస్తుంది. మరి ఆంగ్లాన్ని రెండవ భాషగానో మూడవ భాషగానో నేర్చుకున్న విద్యార్థి ఎలా రాస్తాడు? తనకు తెలిసిన కొద్ది మాటలతో, తప్పు దొర్లుతుందేమోనన్న భయంతో, ఉపాధ్యాయుడు నేర్పిన వాక్య నిర్మాణాన్నే పట్టుకుని రాస్తాడు. అంటే అతని జాగ్రత్తే అతనికి నేరమవుతున్నది.

ఇది మా ఊహ కాదు. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో ఏడు డిటెక్టర్లను పరీక్షించారు. ఆంగ్లం మాతృభాష కానివారు టోఫెల్ పరీక్షకు రాసిన 91 వ్యాసాలను వాటికి ఇచ్చారు. అవన్నీ మనుషులు రాసినవే. అయినా సగటున 61.3 శాతం వ్యాసాలను యంత్రం రాసినవిగా ఆ సాధనాలు ముద్ర వేశాయి. పద్దెనిమిది వ్యాసాల విషయంలో ఏడు సాధనాలూ ఏకగ్రీవంగా పొరబడ్డాయి. అమెరికాలో ఎనిమిదో తరగతి పిల్లలు రాసిన వ్యాసాలను మాత్రం దాదాపు అన్నింటినీ సరిగానే గుర్తించాయి. మరో విచిత్రం వినండి. అవే 91 వ్యాసాలను చాట్‌జీపీటీకి ఇచ్చి, పదజాలాన్ని మెరుగుపరచమని కోరి, మళ్లీ పరీక్షిస్తే తప్పుడు ముద్రలు 11.6 శాతానికి తగ్గాయి. అంటే నిజాయితీగా రాసినవాడు దొంగగా చిక్కాడు. యంత్రం చేత మెరుగులు దిద్దించుకున్నవాడు దొరగా బయటపడ్డాడు. ఇటువంటి తూకపు రాయితో మన పిల్లల నిజాయితీని తూచడం ఏ నీతి?

చాట్‌జీపీటీని తయారు చేసిన ఓపెన్‌ఏఐ సంస్థే 2023 జనవరిలో ఇటువంటి గుర్తింపు సాధనాన్ని విడుదల చేసింది. ఖచ్చితత్వం తక్కువగా ఉన్నదంటూ అదే ఏడాది జూలైలో ఉపసంహరించుకుంది. ఆ తరువాత వచ్చిన సాధనాలు మెరుగైనవని తయారీదారులు చెబుతున్నారు. మెరుగైనవే అనుకుందాం. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం 2023 ఆగస్టులో చెప్పిన లెక్క వినండి. ఆ విశ్వవిద్యాలయం 2022లో టర్నిటిన్ అనే సాధనానికి పంపిన పత్రాలు 75,000. నూటికి ఒక్క పొరపాటు చొప్పున వేసుకున్నా, దాదాపు 750 పత్రాలపై తప్పుడు ముద్ర పడి ఉండేది. అందుకే ఆ సాధనపు ఏఐ గుర్తింపు సదుపాయాన్ని వారు నిలిపివేశారు. నూటికి ఒకరే కదా అని కంపెనీవారు అనవచ్చు. ఆ ఒక్కరు ఎవరి బిడ్డ అన్నదే మా ప్రశ్న.

ఒక అర్జీ

ప్రభుత్వ కార్యాలయంలో జీవితకాలం ఫైళ్లు రాసి విశ్రాంతి పొందిన మా వంటి వారి దగ్గరకు బస్తీ జనం అర్జీలు రాయించుకోవడానికి వస్తుంటారు. రేషన్ కార్డు, పింఛను, కులధ్రువీకరణ, స్కాలర్‌షిప్ మామూలుగా వచ్చే విషయాలు. కొంతకాలం క్రితం డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి తల్లితో కలిసి వేరే రకమైన అర్జీ కోసం వచ్చింది. ఊరి సంత గురించి ఆమె ఆంగ్లంలో రాసిన వ్యాసంలో ఎనభై శాతానికి పైగా యంత్రం రాసినదని తెర మీద చూపిందట. మార్కులు సున్నా అన్నారట. “చాచా, నేనే రాశాను. ముందు ఉర్దూలో రాసుకుని తరువాత ఆంగ్లంలోకి మార్చుకున్నాను. నోటుపుస్తకం ఉంది, చూడండి,” అన్నది. చూశాము. కొట్టివేతలు, మార్జిన్‌లో నిఘంటువు చూసి రాసుకున్న అర్థాలు, మూడుసార్లు తిరగరాసిన మొదటి పేరా అన్నీ అందులో ఉన్నాయి.

అర్జీలో రెండే కోరాము. ఈ నోటుపుస్తకాన్ని పరిశీలించండి, విద్యార్థినిని ఆ వ్యాసం గురించి నోటితో అడగండి. ఆ అధ్యాపకురాలు సహృదయురాలు. అమ్మాయిని కూర్చోబెట్టి పది నిమిషాలు మాట్లాడింది. సంతలో ఏ వీధిలో ఏమి అమ్ముతారో, ఆ మాటలను ఆంగ్లంలో ఎలా వెదుక్కున్నదో అమ్మాయి చెప్పింది. మార్కులు వచ్చాయి. వ్యవహారం సుఖాంతమైంది.

కానీ ఆ అమ్మాయి వెళ్లబోతూ చెప్పిన మాట మమ్మల్ని నిలవనీయలేదు. అదే తరగతిలో మరో ఇద్దరికి కూడా సున్నా వచ్చిందట. వారు ఏమీ అడగలేదట. వారు రాశారో, రాయించుకున్నారో మాకు తెలియదు. వారిని ఎవరూ అడగలేదు గనుక ఎవరికీ తెలియదు. అర్జీ రాసిపెట్టే మనిషి దొరికినవారికి న్యాయం, దొరకనివారికి సున్నా అయితే దానిని న్యాయం అనగలమా?

సంజాయిషీ లేని శిక్ష

ప్రభుత్వ కార్యాలయాల్లో అటెండరు మీద చర్య తీసుకోవాలన్నా ముందు ఆరోపణ ఏమిటో రాతపూర్వకంగా తెలపాలి. సంజాయిషీ కోరాలి. జవాబు ఇవ్వడానికి గడువు ఇవ్వాలి. ఆధారాలు చూపాలి. ఆ మెట్లు ఎక్కకుండా వేసిన శిక్ష న్యాయస్థానంలో నిలవదు. ఇది సహజ న్యాయసూత్రం. పద్దెనిమిదేళ్ల విద్యార్థికి ఆ పాటి రక్షణ కూడా అక్కరలేదా?

గ్రంథచౌర్యంపై విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లోనే నిబంధనలు తెచ్చింది. అవి ప్రధానంగా సిద్ధాంత గ్రంథాలు, పరిశోధన వ్యాసాలను దృష్టిలో పెట్టుకున్నవి. ఇతరుల రచనతో పోలిక ఎంత ఉన్నదన్నదే వాటి కొలమానం. అక్కడ ఆధారం కళ్లెదుట ఉంటుంది. ఫలానా పుస్తకంలోని ఫలానా పేరా ఇదే అని పక్కపక్కన పెట్టి చూపవచ్చు. అయినా ఆరోపణను విచారించే సంఘం సహజ న్యాయసూత్రాలను పాటించాలని ఆ నిబంధనలు చెబుతున్నాయి. డిటెక్టర్ విషయంలో పక్కన పెట్టి చూపడానికి మూలమంటూ ఏదీ ఉండదు. ఉన్నదల్లా ఒక అంకె. ఆధారం గట్టిగా ఉన్న చోట విచారణ అవసరమైనప్పుడు, ఆధారమే లేని చోట ఎంత అవసరమో వేరే చెప్పాలా?

2024లో హర్యానాలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదువుతున్న విద్యార్థి జవాబును యంత్రం రాసినదిగా భావించి అనుత్తీర్ణుడిని చేశారు. అతడు పంజాబ్, హర్యానా హైకోర్టును ఆశ్రయించాడు. అతణ్ణి ఉత్తీర్ణుడిగా ప్రకటించామని విశ్వవిద్యాలయం తెలపడంతో ఆ వ్యాజ్యం ముగిసింది. అతడు న్యాయం చదివినవాడు. కోర్టు దారి తెలిసినవాడు. ఆటో నడిపే తండ్రి, బీడీలు చుట్టే తల్లి ఉన్న విద్యార్థికి ఆ దారి ఎవరు చూపుతారు?

యాస, ఖర్చు, సమాచారం

రాతలోనే కాదు, మాటలోనూ ఇదే చిక్కు ఉన్నది. ఉచ్చారణను, సంభాషణను యంత్రాలే విని మార్కులు వేసే పద్ధతులు వస్తున్నాయి. అమెరికాలో ఐదు పెద్ద కంపెనీల వాక్కు గుర్తింపు సాధనాలను 2020లో పరీక్షించినప్పుడు, శ్వేతజాతీయులు మాట్లాడిన ప్రతి వంద మాటల్లో సుమారు 19 మాటలను, నల్లజాతీయులు మాట్లాడిన ప్రతి వంద మాటల్లో 35 మాటలను తప్పుగా విన్నట్లు తేలింది. ఆంగ్లమే మాతృభాషగా పుట్టి పెరిగిన వారికే ఈ గతి పట్టింది. కర్నూలు, కడప, నిజామాబాదుల యాసలో ఆంగ్లం పలికే మన పిల్లల మాటను ఆ చెవి ఎంత సవ్యంగా వింటుందో పరీక్షించి తేల్చకుండా మార్కులు వేయించడం తగదు. యాస దోషం కాదు. అర్థం కాకపోవడమే దోషం. ఆ తేడా తెలిసినది అధ్యాపకుని చెవికి.

ఖర్చు మరొక విషయం. ఈ సాధనాల్లో ఉచితంగా దొరికేది ఒక తరగతి, నెల నెలా డబ్బు కట్టేవారికి దొరికేది మరొక తరగతి. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను ఉన్న ఇంట్లో, అన్న పనికి పోతూ ఆ ఫోను తీసుకెళ్తే చెల్లెలి అభ్యాసం అక్కడితో ఆగిపోతుంది. తరగతిలో యంత్రాన్ని తప్పనిసరి చేసే ముందు కళాశాల గ్రంథాలయంలోనో ప్రయోగశాలలోనో అందరికీ సమానంగా అందుబాటులో ఉంచాలి.

సమాచార గోప్యత మూడవ విషయం. విద్యార్థి తన ఇంటి సంగతులు, అనారోగ్యం, కష్టాలు వ్యాసంలో రాసుకుంటాడు. ఆ వ్యాసాన్ని అధ్యాపకుడు ఏ కంపెనీ యంత్రంలో వేస్తున్నాడు, అది ఎక్కడ నిలువ ఉంటుంది అన్నది విద్యార్థికి తెలియాలి. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం సమ్మతిని ముఖ్యమైన ఆధారంగా చేసింది. సమ్మతి కోరే ప్రకటనను ఆంగ్లంలోగాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని భాషలో గాని చదువుకునే వీలు కల్పించాలన్నది. తెలుగు, ఉర్దూ రెండూ ఆ షెడ్యూలులో ఉన్నాయి. ఈ సంగతిని మనం గుర్తుంచుకోవాలి, అవసరమైన చోట గుర్తు చేయాలి.

అధ్యాపకుల పక్షం

అధ్యాపకులను దోషులుగా నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. వారి ఇబ్బంది నిజమైనది. యంత్రం చేత రాయించుకుని తెచ్చే విద్యార్థులు లేరని ఎవరూ అనలేరు. వారిలో మన పిల్లలూ ఉన్నారు. ఖాళీలు భర్తీ కాక, కాంట్రాక్టు మీద, గంటల లెక్కన పనిచేసే ఆంగ్ల అధ్యాపకులు తలకు మించిన భారం మోస్తున్నారు. అటువంటి వారికి ఒక్క మీట నొక్కితే తేలిపోతుందన్న ఆశ ఆకర్షణీయంగానే ఉంటుంది.

దీనికి ప్రత్యామ్నాయం ఉన్నది. తరగతిలోనే కూర్చుని కలంతో రాయించడం, ఇంట్లో రాసిన వ్యాసానికి చిత్తుప్రతులు కూడా అడగడం, రాసిన దాని మీద ఐదు నిమిషాలు మౌఖికంగా ప్రశ్నించడం. తానే రాసినవాడు చెప్పగలడు, రాయించుకున్నవాడు తడబడతాడు. పైగా ఆ ఐదు నిమిషాల సంభాషణే గొప్ప ఆంగ్ల పాఠం. అయితే లెక్క దాచడం మాకు ఇష్టం లేదు. అరవై మందికి ఐదేసి నిమిషాలంటే ఐదు గంటలు. ఆ సమయం ఎక్కడి నుంచి వస్తుంది? అభ్యాసాలు, ప్రశ్నపత్రాల తయారీలో యంత్రం మిగిల్చే సమయం కొంత ఇక్కడికి రావాలి. మిగిలినది ఖాళీ పోస్టులు నింపడం వల్ల రావాలి. యంత్రం ఉన్నది గనుక అధ్యాపకుడు అక్కరలేదన్న వాదన ఎవరు తెచ్చినా అది మన పిల్లలకు తొలి దెబ్బ అని గ్రహించాలి. స్తోమత గలవారు తమ పిల్లలకు మనిషి చేతనే చదువు చెప్పిస్తారు. యంత్రం మాత్రమే మిగిలేది పేదలకు.

అధ్యాపకులకు శిక్షణ కూడా కావాలి. యునెస్కో 2023లో విద్యలో ఈ యంత్రాల వాడకంపై మార్గదర్శకాలు, 2024లో ఉపాధ్యాయులకు కావలసిన నైపుణ్యాల చట్రం వెలువరించింది. మనిషిని కేంద్రంగా ఉంచుకోవడం ఆ చట్రంలో మొదటి అంశం. ఐరోపా సమాఖ్య 2024 నాటి చట్టం విద్యార్థుల ప్రతిభను అంచనా వేసే కృత్రిమ మేధను, పరీక్షల్లో అక్రమాలను కనిపెట్టే కృత్రిమ మేధను అధిక ముప్పు గల వర్గంలో చేర్చింది. మన దగ్గర వనరులు లేకపోలేదు. 1958లో కేంద్రీయ ఆంగ్ల సంస్థగా ఆరంభమై, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం హైదరాబాదులోనే ఉన్నది. ఆంగ్ల అధ్యాపకుల శిక్షణే దాని పుట్టుకకు కారణం. 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయమూ అక్కడే ఉన్నది. ఉర్దూ, తెలుగు మాధ్యమాల నుంచి వచ్చిన విద్యార్థులకు ఆంగ్ల తరగతిలో యంత్రాన్ని ఎలా వాడాలో ఈ రెండు సంస్థలూ కలిసి ఒక మార్గదర్శిని రూపొందిస్తే రెండు రాష్ట్రాలకూ మేలు జరుగుతుంది.

మనం కోరవలసినవి, చేయవలసినవి

కళాశాల ప్రిన్సిపాళ్లకు, విశ్వవిద్యాలయాలకు తల్లిదండ్రులు, సంఘాలు రాతపూర్వకంగా సమర్పించవలసిన కోరికలు ఐదు.

ఒకటి, ఆంగ్ల తరగతిలో యంత్రాన్ని ఏ పనికి వాడవచ్చు, ఏ పనికి వాడరాదు అన్న నియమాన్ని విద్యా సంవత్సరం ఆరంభంలోనే విద్యార్థులకు అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలి. రెండు, కేవలం డిటెక్టర్ అంకె ఆధారంగా ఏ విద్యార్థికీ మార్కులు తగ్గించరాదు, శిక్ష విధించరాదు. మూడు, అనుమానం కలిగితే చిత్తుప్రతులు చూసి, మౌఖికంగా ప్రశ్నించి, విద్యార్థి సంజాయిషీ నమోదు చేసి, ఆ తరువాతే నిర్ణయం తీసుకోవాలి. ఆ నిర్ణయంపై అప్పీలుకు వీలుండాలి. నాలుగు, తరగతికి అవసరమైన సాధనం ఏదైనా విద్యార్థులందరికీ కళాశాలలో ఉచితంగా అందాలి. ఐదు, విద్యార్థి రచనను, కంఠస్వరాన్ని బయటి కంపెనీల యంత్రాలకు అప్పగించే ముందు అతని సమ్మతి తీసుకోవాలి. ఇవి మన పిల్లలకు ప్రత్యేక రాయితీలు కావు. గిరిజన తండా నుంచి వచ్చిన విద్యార్థికీ, తెలుగు మాధ్యమంలో చదివిన రైతు బిడ్డకూ ఇవే కావాలి. వారితో కలిసి అడిగితే గొంతు బలపడుతుంది.

కోరడంతో మన బాధ్యత తీరదు. ఇంట్లో పిల్లలకు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. యంత్రం చేత మొత్తం రాయించుకుని తన పేరు పెట్టుకోవడం మోసం. పట్టుబడకపోయినా మోసమే. ఒక్కరు అలా చేస్తే నిజాయితీగా రాసిన పదిమంది మీద అనుమానపు నీడ పడుతుంది. చిత్తుప్రతి పారేయవద్దని, నోటుపుస్తకంలో తేదీ వేసి రాసుకోమని నేర్పాలి. యంత్రం సాయం తీసుకుంటే ఎంత తీసుకున్నదీ దాచకుండా చెప్పమనాలి. బస్తీల్లో సాయంకాలపు తరగతులు నడుపుతున్న యువకులు వారానికి ఒక గంట ఆంగ్ల సంభాషణకు కేటాయించాలి. ఫోను లేని పిల్లలు అక్కడ ఒకరి ఫోనును పదిమంది కలిసి వాడుకోవచ్చు. చదువు రాని తల్లిదండ్రుల పక్షాన కళాశాలకు వెళ్లి మర్యాదగా, దృఢంగా మాట్లాడగల వారు ప్రతి బస్తీలో ఇద్దరు ముగ్గురైనా ముందుకు రావాలి. విశ్రాంత ఉద్యోగులకు ఇంతకంటే ఉపయుక్తమైన వ్యాపకం ఉండదు.

కార్యాలయంలో ఒక పద్ధతి ఉండేది. గుమాస్తా ముసాయిదా రాస్తాడు. టైపు యంత్రం మీద కొట్టినా, కంప్యూటరు మీద కొట్టినా అది ముసాయిదాయే. అధికారి చదివి సంతకం చేస్తేనే అది ఉత్తర్వు. రేపు ఎవరైనా ప్రశ్నిస్తే జవాబు చెప్పవలసినది ఆ సంతకం చేసినవారు. కృత్రిమ మేధ ఎంత తెలివైనదైనా దాని స్థానం ముసాయిదా రాసే చోటే. అభ్యాసాలు రాయనివ్వండి, తప్పులు చూపనివ్వండి, అర్థాలు చెప్పనివ్వండి. ఒక విద్యార్థి ప్రతిభను, నిజాయితీని నిర్ణయించే కాగితం మీద మాత్రం అధ్యాపకుని సంతకం ఉండాలి. ఆ సంతకానికి ముందు విద్యార్థి మాట విని ఉండాలి. ఈ విద్యా సంవత్సరంలోనే మన ఊరి కళాశాలకు వెళ్లి, ఈ నియమం రాసి ఉన్నదా అని అడుగుదాం. లేకపోతే రాయమని అర్జీ పెడదాం.